పిల్లి నిద్ర వెనక నడిచిన డాక్టరు
(శాస్త్రవేత్తల జీవితాలు - వాల్టర్ రుడాల్ఫ్ హెస్)



మొన్న సైన్సు పీరియడులో మాష్టారు ఒక సంగతి చెప్పారు. అమెరికాలో న్యూరాలింక్ అనే కంపెనీ 2024 జనవరిలో మొదటిసారిగా ఒక మనిషి మెదడులో చిన్న యంత్రం అమర్చింది. ఆయనకు ప్రమాదంలో మెడ దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఆ యంత్రం పెద్ద నాణెమంత ఉంటుంది. దాన్నుంచి వెంట్రుక కన్నా సన్నని పోగులు మెదడులోకి దిగుతాయి. అక్కడ పుట్టే విద్యుత్తును అవి పట్టుకుంటే, యంత్రం దాన్ని తీగ అనేదే లేకుండా బయట ఉన్న కంప్యూటరుకు పంపుతుంది. ఆయన వేలు కూడా కదపకుండా కంప్యూటరులో చదరంగం ఆడాడట!

అందరం నోళ్లు తెరుచుకుని విన్నాం. వెనక బెంచీలో ఒకడు మాత్రం లేచి, మెదడులోకి తీగ దింపితే మనిషి చచ్చిపోడా, పిచ్చెక్కదా, లోపల తుప్పు పట్టదా అని అడిగాడు. అందరం నవ్వాం. కానీ తర్వాత ఆలోచిస్తే అది నవ్వే ప్రశ్న కాదు. మనిషికి పెట్టకముందు పందులకు, కోతులకు పెట్టి చాలాకాలం చూస్తారని మాష్టారు చెప్పారు. మరి మెదడులో తీగ ఉంచుకుని కూడా ఒక జంతువు తిరుగుతుంది, తింటుంది, నిద్రపోతుంది అని తెలిసిందెట్లా? ఓపికగా దాన్ని చూపించిన వాళ్లలో ముందుగా చెప్పుకోవలసిన పేరు వాల్టర్ రుడాల్ఫ్ హెస్. ఈసారి మన గోడ పత్రికలో ఆయన కథే రాస్తున్నాను.

హెస్ 1881 మార్చి 17న స్విట్జర్లాండు దేశంలో ఫ్రావెన్‌ఫెల్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. స్విట్జర్లాండు అంటే తెలుసుగా, మన సినిమావాళ్లు పాటలు తీయడానికి వెళ్లే మంచుకొండల దేశం. తండ్రి ఫిజిక్సు మాష్టారు. తండ్రి పనిచేసే ల్యాబులోకి చిన్నప్పుడే వెళ్లే అవకాశం దొరికింది. బ్యాటరీలు, తీగలు, కొలిచే పరికరాలు ఇవన్నీ ఆయనకు చేతి కింద వస్తువులైపోయాయి. బడి లేనప్పుడు పొలాలు, అడవి, చెరువు గట్లు. ఒక చేత్తో పరికరం పట్టుకోవడం, ఒక కంటితో జీవాలను చూడడం - ఈ రెండూ ఆయనకు చిన్నతనంలోనే వచ్చేశాయి. తర్వాత జీవితమంతా ఆయన చేసింది ఈ రెండు పనులే అని నాకు అనిపించింది.

డాక్టరు చదువు ఒకచోట సాగలేదు. లొసాన్, బెర్న్, బెర్లిన్, కీల్, జూరిక్ - ఇన్ని ఊళ్లు తిరిగి చదివి 1906లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. మొదట ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ల డాక్టరుకు సహాయకుడిగా చేరారు. అక్కడ రక్తం ఎంత చిక్కగా ఉందో కొలిచే పరికరం ఒకటి స్వయంగా తయారుచేశారు. తర్వాత కంటి వైద్యం నేర్చుకుని రాపర్స్‌విల్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టారు. అక్కడా ఊరుకోలేదు. మెల్లకన్ను ఉన్నవాళ్లకు కంటిని కదిపే కండరాల్లో ఏది బలహీనమైందో కనిపెట్టే తెర ఒకటి 1908లో తయారుచేశారు. రోగి ఎరుపు, ఆకుపచ్చ అద్దాలు పెట్టుకుని తెర మీద చుక్కలను చూపించాలి. దాన్ని ఇప్పటికీ హెస్ చార్టు అనే పిలుస్తారు. మన దేశంలో కూడా పెద్ద కంటి ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

ప్రాక్టీసు బాగా నడిచింది. పెళ్లయింది. డబ్బు వస్తోంది. అట్లాంటి సమయంలో, 1912లో, ఆయన ఆ ప్రాక్టీసు వదిలేశారు! జూరిక్ యూనివర్సిటీలో శరీరధర్మశాస్త్రం ప్రొఫెసరు దగ్గర సహాయకుడి ఉద్యోగంలో చేరారు. సంసారం పెట్టుకుని రాబడి తగ్గే పనికి వెళ్లడం అంటే మన ఊళ్లో అయితే పెద్దవాళ్లు కూర్చోబెట్టి బుద్ధి చెప్పేవాళ్లు. శరీరం లోపల ఏ పని ఎట్లా జరుగుతుందో తెలుసుకోవాలనే పిచ్చి ఆయనది. కొంతకాలం జర్మనీలో బాన్ నగరంలో కూడా పనిచేసి తిరిగి వచ్చారు. 1917లో, 36 ఏళ్ల వయసులో, జూరిక్ శరీరధర్మశాస్త్ర సంస్థకు డైరెక్టరయ్యారు. 1951లో రిటైరయ్యేదాకా అదే కుర్చీ.

మొదట ఆయన చూసింది మెదడును కాదు. రక్తం ఎట్లా తిరుగుతుంది, ఊపిరి ఎట్లా ఆడుతుంది అనేవి చూశారు. అందులోంచే మెదడు ప్రశ్న వచ్చింది. ఎట్లాగంటే, పిల్లికి కుక్క ఎదురైందనుకోండి. ఒక్క క్షణంలో గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పెరుగుతుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, గోళ్లు బయటికొస్తాయి. ఇన్ని పనులు ఒకేసారి చెయ్యమని ఎవరో ఆర్డరు వెయ్యాలి గదా. ఆ ఆర్డరు వేసేది మెదడు లోతులో ఎక్కడో ఉందని ఆయన అనుమానం. మన బయాలజీ పుస్తకంలో ద్వారగోర్ధం అని ఉంటుందే, ఆ భాగం.

ఆయనకంటే ముందువాళ్లు మెదడును తాకి చూడలేదా అంటే, చూశారు. 1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు డాక్టర్లు కుక్క మెదడు పైపొరకు కొద్దిగా కరెంటు ఇస్తే దాని కాలు కదిలింది. 1875లో ఇంగ్లండులో లివర్‌పూల్ డాక్టరు రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల మెదడు మీద తీగలు ఆనించి, మెదడులోనే సొంతంగా సన్నని విద్యుత్తు పుడుతోందని చూపించారు. ఇప్పుడు కంప్యూటరుకు పంపుతున్నది ఆ విద్యుత్తునే. కానీ చాలా ప్రయోగాల్లో జంతువు మత్తులో ఉండేది, లేకపోతే బల్లకు కట్టేసి ఉండేది. పుర్రె తెరిచి, పని అయ్యాక అక్కడితో సరి. మత్తులో పడుకున్న జంతువు కాలు కదిపి చూపిస్తుంది గానీ, కోపం చూపిస్తుందా? ఆకలి చూపిస్తుందా? తనంతట తాను నిద్రపోవడం ఎట్లాగో చూపిస్తుందా?

అడవిలో జంతువు సంగతి తెలియాలంటే అది మనల్ని పట్టించుకోకుండా తిరుగుతున్నప్పుడే చూడాలని మా తాత అంటుండేవాడు. హెస్ కూడా సరిగ్గా అదే అనుకున్నారు. పిల్లి పిల్లిలాగే ఉండాలి. మెదడులో తీగ ఉన్న సంగతి దానికి తెలియకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, దీనికే ఆయనకు ఏళ్లు పట్టాయి.

ఆయన చేసింది ఇట్లా. పిల్లికి మత్తుమందు ఇచ్చి, పుర్రెకు చిన్న పట్టీ ఒకటి స్క్రూలతో బిగించేవారు. పట్టీ గట్టిగా ఉండాలి. లేకపోతే పిల్లి తల విదిలించినప్పుడల్లా తీగ లోపల కదిలి మెదడును కోసేస్తుంది. పట్టీలోంచి సన్నని ఉక్కు తీగలు మెదడు లోతుకు దించేవారు. తీగ మందం సుమారు పావు మిల్లీమీటరు. ఎందుకంత సన్నం అంటే, లావు తీగ దారిలో రక్తనాళాన్ని తెంపుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, తర్వాత ఏం జరిగినా అది కరెంటు వల్లో గాయం వల్లో తెలియదు. తీగ పొడవునా కరెంటు కారకుండా పూత ఉండేది. చివర కొస మాత్రమే వదిలేసేవారు. అంటే కరెంటు ఆ ఒక్క చుక్క దగ్గరే పనిచేస్తుంది. మన హాస్టల్లో వైరు పూత ఊడితే ఎక్కడపడితే అక్కడ షాకు కొట్టినట్టు కాకుండా అన్నమాట!

మత్తు దిగి పిల్లి లేచి, పాలు తాగి, మామూలుగా తిరగడం మొదలుపెట్టాకే అసలు పని. పైనుంచి వేలాడే తేలికైన తీగను పట్టీకి తగిలించేవారు. ఆ రోజుల్లో ల్యాబుల్లో వాడే కరెంటు ఠక్కున కొట్టే రకం. హెస్ దాన్ని వద్దనుకుని, మెల్లగా ఎక్కి మెల్లగా దిగే బలహీనమైన కరెంటు వాడారు. లోపల సహజంగా జరిగేదానికి అది దగ్గరగా ఉంటుందని ఆయన లెక్క. పిల్లి ఏంచేస్తే అదంతా సినిమా కెమెరాతో తీసేవారు. ఎందుకంటే మనిషి కన్ను తను చూడాలనుకున్నదే చూస్తుంది. ఫిల్ము అయితే ఎన్నిసార్లయినా వేసి, ఇంకొకళ్లకు కూడా చూపించవచ్చు.

మెదడులో ఒకచోట కరెంటు ఇస్తే, ఎదురుగా కుక్క లేకపోయినా పిల్లి చెవులు వెనక్కు వాల్చి, వీపు వంచి, బుస్సుమని, మీదికి దూకేది. కరెంటు ఆపగానే కాసేపటికి మామూలు పిల్లి. ఇంకోచోట ఇస్తే రక్తపోటు మారేది. ఇంకోచోట ఊపిరి. ఇంకోచోట కనిపించిన వస్తువునల్లా కొరికేది, తినేది.

నాకు అన్నిటికంటే బాగా నచ్చింది నిద్ర సంగతి. ఒకచోట కరెంటు ఇస్తే పిల్లి దభాలున కూలిపోలేదు. మెల్లగా అటూ ఇటూ చూసి, అనువైన చోటు వెతుక్కుని, ఒకసారి చుట్టూ తిరిగి, ముడుచుకుని, కళ్లు మూసుకునేది. ఎవరైనా కదిపితే లేచేది. వదిలేస్తే మళ్లీ పడుకునేది. మన వంటశాల వెనక బూడిదరంగు పిల్లి పొయ్యి పక్కన పడుకునేముందు ఏంచేస్తుందో చూడండి, అచ్చం అదే. (వంటమనిషి గరిటె విసరకముందు చూడాలి!) అంటే నిద్ర అనేది అలసిపోయి ఆగిపోవడం కాదు, మెదడు కావాలని చేసే పని అని హెస్ వాదించారు. చోటు వెతుక్కోవడం కూడా ఆ పనిలో భాగమే. దానిమీద చాలామంది ఆయనతో ఒప్పుకోలేదు, వాదన ఏళ్లపాటు నడిచింది.

ఇక్కడితో అయిపోలేదు. ప్రయోగాలు ముగిశాక పిల్లిని చంపి, మెదడును పలచని పొరలుగా కోసి, మైక్రోస్కోపు కింద చూసేవారు. తీగ కొస సరిగ్గా ఎక్కడ ఆగింది? చుట్టూ ఎంత గాయమైంది? ఫిల్ములో పిల్లి చేసినదాన్ని, పొరలో తీగ చేసిన చిల్లును ఒకదాని పక్కన ఒకటి పెట్టి, మెదడు పటం మీద గుర్తు పెట్టుకునేవారు. ఒక పిల్లిలో కనబడింది పది పిల్లుల్లో కనబడితేగానీ నమ్మేవారు కాదు. ఇట్లా వందలాది పిల్లులు. 1920ల మొదట్లో మొదలుపెట్టిన పని 1940ల చివరిదాకా సాగింది. ఆయన రాసిందంతా జర్మన్ భాషలో. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. ఇంగ్లీషు దేశాల్లో చాలామంది ఆ పుస్తకాలు చదవనే లేదు.

పిల్లులను చంపారు అన్నచోట నా పెన్ను ఆగిందని చెప్పాలి. జంతువుల మీద ప్రయోగాలు వద్దనే ఉద్యమం యూరపులో హెస్ పుట్టకముందు నుంచే ఉంది. ఇంగ్లండులో 1876లోనే దీనికి చట్టం వచ్చింది, లైసెన్సు లేకుండా ప్రయోగం చెయ్యకూడదని. ఆ వాదన తప్పని నేను అనలేను. మా ఇంట్లో కోడిని కోస్తారు, మేకను కోస్తారు, అది తినడానికి. ఏ పిల్లీ తన మెదడు చూడమని హెస్‌ను అడగలేదు. దీనిమీద మా డార్మెటరీలో రెండు రాత్రులు గొడవ జరిగి, వార్డెన్ సారు వచ్చి లైటు ఆర్పేశారు. తేలలేదు. కానీ ఒకటుంది. ఆయన ఒక్క పిల్లిని కూడా వృథాగా పోనివ్వలేదు, ప్రతిదాని ఫిల్మూ ప్రతిదాని పొరలూ చూశారు. చూడకుండా తొందరపడితే ఏమవుతుందో ఆయన పక్కనే ఇంకో కథ ఉంది. ఆ కథ నోబెల్ బహుమతి దగ్గర వస్తుంది.

1949లో వైద్యంలో నోబెల్ బహుమతి హెస్‌కు వచ్చింది. అప్పుడు ఆయనకు 68 ఏళ్లు. కానీ సగమే. మిగతా సగం పోర్చుగల్ దేశపు డాక్టరు ఈగాస్ మోనిజ్‌కు. ఇద్దరూ మెదడు మీద పనిచేసినవాళ్లే. అంతకుమించి పోలిక లేదు.

మోనిజ్ తెలివైనవాడు. మెదడు రక్తనాళాలను ఎక్స్-రేలో చూసే పద్ధతి కనిపెట్టింది ఆయనే, 1927లో. అది చాలా గొప్ప పని, ఇప్పటికీ వాడుతున్నారు. బహుమతి దానికి ఇచ్చి ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. ఇచ్చింది వేరేదానికి. 1935 ఆగస్టులో లండన్‌లో నరాల డాక్టర్ల పెద్ద సభ జరిగింది. అమెరికా నుంచి వచ్చిన ఫుల్టన్, జేకబ్‌సెన్ అనేవాళ్లు బెకీ, లూసీ అనే రెండు చింపాంజీల సంగతి చెప్పారు. వాటి మెదడు ముందు భాగం తీసేశారు. అంతకుముందు పరీక్షలో తప్పు చేస్తే పొర్లి పొర్లి ఏడ్చే బెకీ, ఆపరేషను తర్వాత నిబ్బరంగా ఉందట. లూసీలో అట్లాంటి మంచి మార్పు రాలేదు. చూశారా, రెండు జంతువులు, రెండు రకాల ఫలితాలు!

మోనిజ్ ఆ సభలో ఉన్నారు. ఆ ఆలోచన తనకు అంతకుముందే ఉందని తర్వాత ఆయన చెప్పుకున్నారు. ఏదేమైనా, సభ అయిన మూడు నెలలకే, 1935 నవంబరులో, లిస్బన్‌లో మానసిక రోగుల మెదడు ముందు భాగంలో నరాల దారులను తెంపే ఆపరేషను మొదలుపెట్టారు. మొదట 20 మంది. కొన్ని వారాలు మాత్రమే చూసి, మేలు చేస్తోందని 1936లో ప్రకటించారు. ముందుగా జంతువుల్లో ఒక ఏడాదో రెండేళ్లో చూసింది లేదు. రోగులను కూడా ఎక్కువ కాలం వెంబడించి చూసింది లేదు. అది అమెరికాకు పాకింది. వేలాది మందికి చేశారు. తర్వాత ప్రెసిడెంటు అయిన జాన్ కెనడీ చెల్లెలు రోజ్‌మేరీకి 1941లో, 23 ఏళ్ల వయసులో చేయించారు. ఆమెకు మాట, నడక రెండూ పోయాయి. 2005లో చనిపోయేదాకా ఇతరుల సంరక్షణలోనే బతికింది. సోవియట్ యూనియన్ 1950లోనే ఆ ఆపరేషనును నిషేధించింది. అంటే బహుమతి ఇచ్చిన మరుసటి ఏడాదే.

ఒకరు పాతికేళ్లు పిల్లుల దగ్గరే ఆగిపోయారు. ఇంకొకరు మూడు నెలల్లో మనిషి దగ్గరికి వెళ్లారు. కమిటీవాళ్లు ఇద్దరికీ చెరిసగం పంచారు. ఇది నాకు అస్సలు అర్థం కాలేదు. మాష్టారిని అడిగితే, అప్పట్లో పిచ్చికి మందులు లేవు, ఆసుపత్రులు కిక్కిరిసి ఉండేవి, ఏదో ఒకటి దొరికిందని జనం సంతోషపడ్డారు అన్నారు. అదీ నిజమే కావచ్చు.

హెస్ పుస్తకాలు చదివి ఉత్సాహపడిన వాళ్లలో స్పెయిన్ దేశపు హోసే డెల్గాడో ఒకరు. ఆయన అమెరికాలో యేల్ యూనివర్సిటీలో చేరి, హెస్ పిల్లులకు ఉన్న ఆ వేలాడే తీగను తీసేశారు. మెదడు విద్యుత్తును రేడియో ద్వారా బయటికి పంపేదీ, బయటి నుంచి కరెంటు ఆజ్ఞ తీసుకునేదీ రెండూ ఒకే చిన్న యంత్రంలో పెట్టారు. 1963లో స్పెయిన్‌లో కార్డోబా దగ్గర ఎద్దుల బరిలో దిగి, మీదికి దూసుకొస్తున్న ఎద్దును మీట నొక్కి ఆపేశారు! ప్రపంచమంతా పేపర్లలో వేశారు. ఎద్దు కోపం పోయిందని డెల్గాడో అన్నారు. కోపం పోలేదు, కాళ్లు పక్కకు తిరిగేలా చేసిందంతే అని వేరే శాస్త్రవేత్తలు అన్నారు. హెస్ అయితే ఒక్క ఎద్దుతో సరిపెట్టుకునేవారు కాదని నాకనిపిస్తుంది.

తీగ తీసెయ్యడం మాత్రం అవసరమైన పనే. తీగ చర్మంలోంచి బయటికి వస్తే ఆ కన్నం ఎప్పటికీ మానదు, దానిగుండా క్రిములు లోపలికి పోతాయి. కానీ తీగ పోతే కొత్త చిక్కులు. యంత్రం లోపలే ఉంటే బ్యాటరీ కూడా లోపలే ఉండాలి. ఛార్జి చేస్తే వేడెక్కుతుంది, మెదడు పక్కన కొద్దిపాటి వేడి కూడా ప్రమాదమే. శరీరంలో ఉప్పునీరు ఉంది, పూతలో సూదిమొనంత పగులున్నా లోపలికి దిగుతుంది. మెదడేమో మెత్తగా పెరుగుగడ్డలాగా కదులుతూనే ఉంటుంది, తీగేమో గట్టిది. కాబట్టి మెదడు ఆ తీగ చుట్టూ మచ్చలాంటి పొర అల్లుకుంటుంది. గుమ్మానికి గుచ్చిన మేకు చుట్టూ చెట్టు బెరడు పెరిగినట్టు కాదుగానీ, దాదాపు అట్లాంటిదే. పొర మందమయ్యేకొద్దీ విద్యుత్తు సరిగ్గా వినబడదు. ఇవేవీ మొదటి వారంలో తెలియవు. నెలలు, ఏళ్లు గడిస్తేనే తెలుస్తాయి. అందుకే ఎక్కువకాలం చూడాలి.

అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీవాళ్లు 2013లో ప్రకటించిన యంత్రం ఒకటుంది. 56 మిల్లీమీటర్ల పొడవు, 42 వెడల్పు, 9 మందం, టైటానియం డబ్బాలో మూసినది. దాన్ని మూడు పందులకు, మూడు రీసస్ కోతులకు పెట్టి ఏడాది పైన చూశారు. రెండు గంటలు ఛార్జి చేస్తే ఆరు గంటలకు పైగా పనిచేసేది. కోతులు బోనులో తిరుగుతూ, తింటూ ఉంటే వాటి మెదడు విద్యుత్తు తీగ లేకుండా వచ్చేది. హెస్ పిల్లులను చూసిన పద్ధతే ఇది. కరెంటు లోపలికి పంపడానికి బదులు లోపలిది బయటికి వింటున్నారు, అంతే తేడా. మరి మొదట్లో చెప్పిన న్యూరాలింక్ మనిషి సంగతి? అమర్చిన కొన్ని వారాలకు మెదడులోని పోగులు కొన్ని వెనక్కు జారి బయటికి వచ్చేశాయని 2024 మేలో కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత కంప్యూటరు లెక్కను సవరించి పని నడిపించారు. ఆయనకు ప్రాణాపాయం కాలేదు. కానీ చూశారా, హెస్ ఆ పట్టీని స్క్రూలతో ఎందుకంత గట్టిగా బిగించేవారో!

మళ్లీ హెస్ దగ్గరికి వద్దాం. ఆయన పిల్లులతోనే కాలం గడిపారని అనుకోకండి. యుంగ్‌ఫ్రావ్‌యోహ్ అనే మంచుకనుమ మీద, దాదాపు 3,450 మీటర్ల ఎత్తున, అన్ని దేశాల శాస్త్రవేత్తలు వచ్చి పనిచేసుకునే పరిశోధన కేంద్రం ఒకటి 1931లో తెరిచారు. దాన్ని మొదలుపెట్టించడంలో ముందు నిలబడి, మొదటి సంవత్సరాల్లో అధ్యక్షుడిగా నడిపింది హెస్‌గారే. అంత ఎత్తున గాలి పలచన. గుండె, ఊపిరి ఎట్లా సర్దుకుంటాయో చూడడానికి అంతకంటే మంచి చోటేముంది.

1951లో రిటైరయ్యాక ఆయన దేశానికి దక్షిణాన, చలి తక్కువగా ఉండే ప్రాంతంలో ఇల్లు కట్టుకుని తోటపని చేసుకుంటూ, రాసుకుంటూ గడిపారు. మెదడుకూ మనసుకూ సంబంధం ఏమిటనే దానిమీద 80 ఏళ్లు దాటాక కూడా పుస్తకం రాశారు. 1973 ఆగస్టు 12న లొకార్నో దగ్గర చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 92.

ఆయన కొడుకు కూడా మెదడు డాక్టరే అయ్యారు. తల మీద తీగలు అంటించి, పుర్రెకు కన్నం పెట్టకుండానే మెదడు విద్యుత్తును కాగితం మీద గీతలుగా తీసే పరీక్ష ఉంది కదా, మూర్ఛ వచ్చేవాళ్లకు తీస్తారు, ఈఈజీ అంటారు. జూరిక్ ఆసుపత్రిలో ఆ విభాగాన్ని నడిపింది ఆయనే.